దూరపు మీట కథ

కొత్తవలస అనగానే మన ఉత్తరాంధ్రము వారికి మొదట జ్ఞప్తికి వచ్చునది రైలు జంక్షను. హౌరా నుండి చెన్నైకి పోవు తూర్పు తీరపు మార్గము ఒకటి. బైలడిల్లా కొండల ఇనుప రాతిని విశాఖ రేవునకు దించుటకై 1960 తరువాతి సంవత్సరములలో నిర్మింపబడిన కిరండోలు మార్గము మరియొకటి. ఈ రెండును ఇచ్చట కలియుచున్నవి. మన ప్రాంతమున “వలస” అని ముగియు ఊరి పేర్లు కోకొల్లలు. ఒకచోటి వారు లేచివచ్చి వేరొకచోట కుదురుకొనిన జ్ఞాపకమును ఆ పేర్లు దాచుకొనియున్నవి. కలియుట, విడిపోవుట, మరల కలియుట ఈ నేలకు క్రొత్త సంగతులు కావు.

ఇటీవల మేము ఆ ఊరిలోని ఒక బంధుగృహమునకు పోయితిమి. ఇంటి పెద్దావిడ మాకు కాఫీ ఇచ్చి, కుశలప్రశ్నలు అడిగి, కొంతసేపు ఊరకుండి, చీరకొంగు చాటునుండి ఒక రిమోటును తీసి మా చేతిలో పెట్టెను. “బాబూ, ఇది నా మాట ఇనటం నేదు. నువ్వు సెప్తే ఇంటదేమో సూడు” అనెను. టెలివిజనునకు తగిలించిన చిన్న పెట్టె తొమ్మిది దినములనుండి పలుకుట లేదట. దానిని అమర్చిన మనుమడు బెంగళూరులో ఉద్యోగము చేయుచున్నాడు. ప్రతిదినమును ఫోనులో మాటాడుచునే ఉన్నను ఆమె అతనికి ఈ మాట చెప్పలేదు. ఎందుకని మేమడుగగా, “పాడు సేసేసినావంటాడేమోనని” అని బదులు చెప్పెను.

ఈ తొమ్మిది దినముల మౌనము మమ్ము ఆలోచింపజేసెను. పెట్టె చెడలేదు, టెలివిజను చెడలేదు, ఆమె చేసిన తప్పును ఏదియు లేదు. చేతిలోని వస్తువునకును గోడనున్న వస్తువునకును నడుమ ఉండిన పరిచయము తెగినది, అంతియే. ఈ పరిచయమనునది ఏమి, అది ఎట్లు ఏర్పడినది, ఎట్లు తెగును అను విషయము తెలిసినచో, దానిని మరల కలుపుట కష్టము కాదు. కాని ఆ తెలివిడికి నూట ముప్పది సంవత్సరముల చరిత్ర ఉన్నది. కనుక మొదట చరిత్ర చెప్పి, పిదప చికిత్స చెప్పెదము.

తీగ లేకుండ దూరముననున్న వస్తువును కదలింపవచ్చునని లోకమునకు చూపినవారిలో మన దేశస్థుడే ముందు వరుసలో నిలిచెను. 1895 ప్రాంతమున కలకత్తా నగరమున జగదీశ చంద్ర బోసు మహాశయుడు విద్యుత్తరంగములను గోడలమీదుగా పంపి, అవతలి గదిలోని గంటను మ్రోగించి, తుపాకి మందును ప్రేల్చెను. మూడేండ్ల తరువాత, 1898 లో, న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెనులో నికోలా టెస్లా ఒక నీటితొట్టిలో చిన్న పడవను విడిచి, దూరమున నిలిచి దానిని ఇటునటు నడపెను. చూచినవారిలో కొందరు అది మంత్రమనిరి, కొందరు లోపల కోతి దాగియున్నదనిరి. స్పెయిను దేశీయుడు టోరెస్ కెవెడో 1903 లో “టెలికినో” అను యంత్రమును ప్రకటించి, 1906 లో బిల్బావో రేవున తన రాజు ఎదుట ఒక పడవను ఒడ్డునుండియే నడపి చూపెను.

గంట మ్రోగినది, పడవ తిరిగినది. అయినను టెస్లాకు అప్పుడే ఒక సందేహము తోచెను. మన ఆజ్ఞను పడవ వినునట్లే, అన్యుని ఆజ్ఞను కూడ వినిన ఏమి గతి? ఆకాశము అందరిదియు గదా! అందుచేత అతడు ఒక ఉపాయమును ఆలోచించెను. ఒక తరంగము మాత్రమే వచ్చినచో యంత్రము కదలరాదు. ముందుగా నిర్ణయించిన రెండు వేర్వేరు పౌనఃపున్యములు ఒక్కసారి వచ్చినచో మాత్రమే కదలవలెను. రెండు తాళపుచెవులు ఒక్కసారి త్రిప్పిననే తెరచుకొను బీరువా వంటిదన్నమాట. 1903 లో అతనికి లభించిన పేటెంటులలో ఈ భావము స్పష్టముగ ఉన్నది. నేడు మనము “జతపరచుట” అనుచున్న పనికి విత్తనము అచ్చటనే పడినది. దూరమునకు ఆజ్ఞ పంపుట ఒక సమస్య. ఆ ఆజ్ఞ మనదేయని అవతలి వస్తువు గుర్తించుట వేరొక సమస్య. మొదటిది సులభముగనే తీరినది. రెండవది నేటికిని మన చేతులలో అప్పుడప్పుడు మొరాయించుచున్నది.

జతపరచుట అను భావము కొత్తవలస వంటి రైలు ఊళ్ళవారికి వేరొక రూపమున సుపరిచితమే. 1874 సెప్టెంబరు 10 వ తేదీ రాత్రి ఇంగ్లండులోని థార్ప్ అను గ్రామము వద్ద, ఒకే మార్గముపై రెండు రైళ్ళు ఎదురెదురుగ వచ్చి ఢీకొని, పాతికమంది మరణించిరి. రెండు స్టేషనుల నడుమ తంతి ఆజ్ఞ తారుమారగుటయే దానికి కారణము. మాటను నమ్మిన ప్రమాదమైనది కనుక, మాటకు బదులు వస్తువును నమ్మవలెనని ఎడ్వర్డు టయర్ అను ఆయన తలచెను. 1878 లో ఆయన నిర్మించిన యంత్రము జంటగ ఉండును: ఒకటి ఈ స్టేషనున, రెండవది పై స్టేషనున. వాని మధ్య తీగ ఉండును. ఇచ్చటి యంత్రమునుండి బిళ్ళ బయటికి రావలెనన్నచో అచ్చటివాడు అంగీకరించి మీట నొక్కవలెను. ఒక బిళ్ళ బయట ఉన్నంతవరకు రెండింటిలో ఏ యంత్రమునుండియు వేరొక బిళ్ళ రాదు. ఆ బిళ్ళ లేనిదే డ్రైవరు బండిని కదల్పడు.

మన దేశపు ఏకమార్గములపై ఇట్టి పద్ధతియే బహుకాలము నడచెను. తోలుసంచిలోని లోహపు గుండును, దానికి కట్టిన పెద్ద వలయమును స్టేషను సిబ్బంది చేయి చాచి అందించుట, డ్రైవరు పరుగులోనే దానిని భుజమున తగిలించుకొనుట పాతతరము వారు చూచియే ఉందురు. ఒక స్టేషను జంటకు చెందిన గుండు ప్రక్క జంట యంత్రములో పట్టదు. పరిచయము లేని యంత్రము దానిని స్వీకరింపదు. ఇది ప్రాణముల విషయము. రిమోటు వినోదపు విషయము. అయినను రెంటి నీతియు ఒకటియే. ఇరువురును ముందుగ ఒప్పుకొనిన గుర్తు ఉండవలెను. ఆ గుర్తు ఇరువురివద్దను సరిపోవలెను.

ఇక ఇంటిలోనికి వత్తము. 1939 సంవత్సరపు మాదిరిగా అమెరికాలో ఫిల్కో సంస్థ ఒక రేడియోను అమ్మెను. దానితో వచ్చు పెట్టెపై టెలిఫోనున ఉండునట్టి తిరుగుడు చక్రము ఉండును. కుర్చీలోనుండి లేవకయే, తీగ లేకయే, స్టేషను మార్చవచ్చును. 1950 లో జెనిత్ సంస్థవారు టెలివిజనునకు రిమోటు నిచ్చిరి గాని, దానికి పొడవైన తీగ ఉండెను. నట్టింట పరచిన ఆ తీగ కాళ్ళకు తగిలి ఇంటివారు తూలిపడుచుండిరి. 1955 లో అదే సంస్థలోని యూజీన్ పాలీ తీగను తీసివేసి వెలుగును వాడెను. టెలివిజను నాలుగు మూలలను నాలుగు కాంతిగ్రాహకములు. చేతిలో పిస్తోలు వంటి దీపము. ఏ మూలపై వెలుగు పడిన ఆ పని జరుగును. కాని సూర్యునకు ఈ ఒప్పందము తెలియదు గదా! కిటికీనుండి ఎండ పడినప్పుడు టెలివిజను తనంతట తాను స్టేషను మార్చుకొనుచుండెను.

ఆ మరుసటి సంవత్సరము, 1956 లో, వియన్నాలో జన్మించిన రాబర్టు ఆడ్లరు వేరొక దారి త్రొక్కెను. రిమోటులో నాలుగు అల్యూమినియము కడ్డీలు, వానిని కొట్టుటకు చిన్న సుత్తెలు. మీట నొక్కిన కడ్డీ మ్రోగును. ఆ నాదము మన చెవికి వినబడనంత హెచ్చుస్థాయిది. టెలివిజను మాత్రము వినును. ఈ రిమోటులో బ్యాటరీ లేదు. లేకపోవుటకు కారణము వినదగినది. బ్యాటరీ అయిపోయినచో కొనినవారు అది గ్రహింపక, టెలివిజనే చెడినదని తలచెదరని అమ్మకము విభాగమువారు అభ్యంతరము చెప్పిరట! చేతిలోని చిన్నవస్తువు మూగబోయిన, మనుష్యుడు పెద్దవస్తువును గాని తన్ను గాని నిందించుకొనునని వారు అప్పుడే గ్రహించిరి. కొత్తవలసలోని పెద్దావిడ భయమును అరువది యేండ్లకు ముందే వారు ఊహించిరన్నమాట. ఈ కడ్డీల రిమోటు పాతిక సంవత్సరముల పాటు రాజ్యమేలెను. తాళపుచెవుల గుత్తి గలగలలాడినను, నాణెములు క్రింద పడినను, ఒక్కొక్కప్పుడు టెలివిజను దానినే ఆజ్ఞగ భావించెడిది. పరిచయమనునది ఇంకను పూర్తి కాలేదు.

ఈ కాలమున మన దేశము మాట ఏమి? 1959 సెప్టెంబరు 15 న ఢిల్లీలో టెలివిజను ప్రయోగముగ మొదలైనది. విశాఖపట్టణమున ఆకాశవాణి కేంద్రము 1963 ఆగస్టు 4 న పలికినది. పంచాయతీ అరుగుమీది రేడియోయే ఊరందరికి ఒకటి. దానిని త్రిప్పు అధికారము ఒకరిది, వినువారు వందమంది. 1975 ఆగస్టు నుండి 1976 జులై వరకు ఉపగ్రహ బోధన ప్రయోగము పేర ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారము నేరుగ చేరెను. ఆంధ్రప్రదేశ గ్రామములును అందులో ఉండెను. హైదరాబాదు దూరదర్శను కేంద్రము 1977 అక్టోబరు 23 న వెలసినది. పిదప చాలకాలమువరకు మన ఇండ్లలో రిమోటు లేదు; రిమోటు పని ఇంటిలోని చిన్నపిల్లవాడిది. “పెంచరా, తగ్గించరా, అటు త్రిప్పరా” అనిన చాలును. వానికి బ్యాటరీ అక్కరలేదు. కాని వాడు పెద్దవాడై బెంగళూరు పోవును. ఈనాటి కథ అచ్చటనే ఆరంభమగుచున్నది.

1980 ప్రాంతమునకు పరారుణ కిరణముల రిమోటు కడ్డీలను వెనుకకు నెట్టెను. కంటికి కనబడని ఈ వెలుగు, సుమారు 940 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గలది, సెకండునకు దాదాపు 38,000 మార్లు మిణుకుచు పోవును. ఎండ గాని దీపము గాని అంత వేగముగ మిణుకవు గనుక, టెలివిజను వానిని లక్ష్యపెట్టదు. పాలీ మహాశయుని దీపమును ఓడించిన సూర్యుడు ఇట్లు ఓడిపోయెను. అంతేకాదు, ప్రతి ఆజ్ఞ ముందును ఇది ఏ జాతి యంత్రమునకు అను చిరునామా ఉండును. కనుక టెలివిజను రిమోటును నొక్కిన విసనకర్ర తిరుగదు. కాని ఇది జాతి చిరునామాయే గాని వ్యక్తి చిరునామా కాదు. ఒకే మాదిరి టెలివిజనులు రెండు ప్రక్క ప్రక్కన ఉన్నచో ఒక రిమోటునకు రెండును పలుకును.

వ్యక్తి చిరునామా రేడియో తరంగములతో వచ్చినది. 1942 లో నటీమణి హెడీ లమార్, సంగీతకారుడు జార్జి ఆంథీల్ కలిసి ఒక పేటెంటు పొందిరి. ఆజ్ఞను ఒకే పౌనఃపున్యముపై పంపిన శత్రువు అడ్డగించును. పంపువాడును వినువాడును ముందుగ అనుకొనిన క్రమమున పియానో మెట్లపై వ్రేళ్ళు దుముకునట్లు 88 పౌనఃపున్యములపై దుముకుచు పోయిన ఎవ్వరును పట్టుకొనలేరు అని దాని సారము. చిత్రమేమనగా, ఈమెయు ఆడ్లరు వలెనే వియన్నాలో పుట్టినది. 1994 లో స్వీడను దేశపు ఎరిక్సను సంస్థలో ఆరంభమై, 1998 లో పలు సంస్థల ఉమ్మడి సొత్తైన బ్లూటూత్ పద్ధతి ఇట్టి దుముకుటనే ఆశ్రయించినది. 2010 లో వచ్చిన తక్కువ విద్యుత్తు మాదిరి 40 దారులపై నడచును. నేటి చిన్నపెట్టెల రిమోటులలో అధికభాగము ఈ మాదిరివే.

ఇందులో జతపరచుట ఇట్లుండును. రిమోటులో నిర్ణీతమైన మీటను కొంతసేపు అదిమిపట్టినచో అది “నేనిచ్చట ఉన్నాను” అని పలుమార్లు పలుకును. పెట్టె ఆ పలుకు విని, దానితో కలిసి ఒక రహస్య సంఖ్యను నిర్ణయించుకొనును. ఆ సంఖ్య ఇరువురి జ్ఞాపకములోను నిలుచును. అటుపిమ్మట ఆ రిమోటు మాటయే ఆ పెట్టె వినును. ఇది టయర్ మహాశయుని జంట యంత్రముల వంటిదే. లోహపు బిళ్ళకు బదులు ఒక అంకె. ఆ అంకెను ఒకరు మరచి మరియొకరు జ్ఞాపకముంచుకొనిన స్నేహము సాగదు. అప్పుడు ఇరువురును పాతదానిని మరచి క్రొత్తగ కలియవలెను.

2017 డిసెంబరు 27 న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకమును ఆరంభించిరి. విద్యుత్ స్తంభములమీదుగనే కాంతితీగను లాగి, టెలివిజను, టెలిఫోను, అంతర్జాలము మూడింటిని ఒకే పెట్టెతో ఇంటికి చేర్చుట దాని ఉద్దేశ్యము. ఇట్టి పథకములవలనను, చౌకయైన అంతర్జాలమువలనను, నగరముల వస్తువనుకొనిన చిన్నపెట్టె నేడు వలసలకును పేటలకును వచ్చినది. పెట్టె వచ్చినంత వేగముగ దాని మర్మము రాలేదు. మర్మము తెలిసిన పడుచువారు ఊరు విడిచిరి, తెలియని పెద్దలు ఊర మిగిలిరి. ఇదియే అసలు చిక్కు.

ఇప్పుడు కొత్తవలస ఇంటికి మరల పోవుదము. మేము మొదట బ్యాటరీలు మార్చితిమి. ఫలితము లేదు. పిదప శబ్దము పెంచు మీటను నొక్కితిమి, శబ్దము పెరిగెను! తెరపైనున్న బొమ్మలను కదలించు మీటను నొక్కితిమి, కదలలేదు. ఇందులోనే రోగనిదానమంతయు ఉన్నది. ఇట్టి రిమోటు రెండు భాషలు మాటాడును. శబ్దము, టెలివిజనును వెలిగించుట, ఆర్పుట వంటివి సాధారణముగ పరారుణ భాషలో నేరుగ టెలివిజనుతో చెప్పును. తక్కినవి బ్లూటూత్ భాషలో పెట్టెతో చెప్పును. మొదటిది నడచుచున్నది గనుక బ్యాటరీ బ్రతికియున్నది, రిమోటు బ్రతికియున్నది. చెడినది పెట్టెతోడి స్నేహము మాత్రమే. రెండును నడవనిచో బ్యాటరీలను అనుమానింపవలెను. పెట్టెతో మాట నడచి, టెలివిజనుతో మాట నడవనిచో పరారుణ దీపమును పరీక్షింపవలెను. ఫోను కెమేరా ఎదుట రిమోటు ముక్కును నిలిపి మీట నొక్కిన, చాల కెమేరాలలో ఊదారంగు మెరుపు కనబడును.

రోగము తెలిసిన పిమ్మట చికిత్స వరుసగ చేసితిమి. మొదట పెట్టె విద్యుత్ ప్లగ్గును తీసి, ఒక నిమిషము ఆగి మరల పెట్టితిమి. తెర వెలిగిన పిమ్మట, రిమోటును పెట్టెకు మూరెడు దూరమున ఉంచి, ఇంటి గుర్తు గల మీటను పది సెకండ్ల పాటు అదిమిపట్టితిమి. ఒకసారి జరుగలేదు. రెండవసారి తెరపై రిమోటు కలిసినదని సందేశము వచ్చెను. అదిమిపట్టవలసిన మీట ఒక్కొక్క తయారీలో ఒక్కొక్కటి. కొన్నింటిలో రెండు మీటలను కలిపి నొక్కవలెను, కొన్నింటిలో బ్యాటరీ మూత క్రింద చిన్న మీట ఉండును. పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకమును పారవేయరాదని ఇందుకే చెప్పవలసియున్నది.

మరికొన్ని జాగ్రత్తలను కూడ పాఠకులకు మనవి చేయుచున్నాము. సముద్రపు గాలి తగులు మన ప్రాంతమున బ్యాటరీ కొనలు పట్టు లోహపు రేకులకు చిలుము పట్టును; పొడిగుడ్డతో తుడిచిన చాలును. ఒక పాత బ్యాటరీని, ఒక క్రొత్తదానిని కలిపి వేయరాదు. పెట్టె టెలివిజను వెనుక లోహపు రేకునకు ఆనుకొనియున్నచో తరంగము దానిని చేరుట కష్టము. చిన్నపాటి తీగతో దానిని కొంచెము ప్రక్కకు తెచ్చిన మేలు. ఇంటిలోని వైఫై పెట్టెయు అదే 2.4 గిగాహెర్ట్జుల తావున పలుకుచుండును గనుక రెంటిని ప్రక్కప్రక్కన పెట్టరాదు. పెట్టెను తొలిస్థితికి మరల్చుట మాత్రము చిట్టచివరి మందు. దానితో అమర్చుకొనినదంతయు పోవును. రిమోటు ఎంతకును కలియనిచో, చాల పెట్టెలకు ఫోనులోనే రిమోటు వేషము వేయించు సదుపాయము ఉన్నది. ఫోనును పెట్టెయు ఒకే వైఫైలో ఉండవలెను. కొన్ని టెలివిజనులలో టెలివిజను రిమోటే, రెండింటిని కలుపు హెచ్.డి.ఎమ్.ఐ. తీగగుండ పెట్టెను కూడ నడపగలదు.

పెట్టె పలికిన పిమ్మట పెద్దావిడ ముఖమున సంతోషముతోబాటు ఒక అనుమానము కూడ కనబడెను. “మల్లీ మూగబోతే?” అనెను. ఆ ప్రశ్నకు మీట నొక్కుట బదులు కాదని మాకు తోచెను. ఒక కాగితము తీసికొని, పెద్ద అక్షరములతో, మూడు మాటలు వ్రాసి గోడకు అంటించితిమి: బ్యాటరీలు మార్చు; ప్లగ్గు తీసి పెట్టు; ఇంటి బొమ్మ మీటను పది లెక్కించువరకు అదిమిపట్టు. పిదప రిమోటును ఆమె చేతనే విడదీయించి ఆమె చేతనే కలిపించితిమి. రెండవ పర్యాయము ఆమె మా వంక చూడనేలేదు. తానే లెక్కించి, తానే కలిపెను. ఆ సాయంకాలము బెంగళూరు నుండి మనుమడు పిలిచినప్పుడు, రిమోటు చెడిన సంగతియు, తాను బాగుచేసిన సంగతియు ఒకే గ్రుక్కలో చెప్పెను. మా పేరు నడుమ ఎక్కడను రాలేదు. మేము దానికి సంతోషించితిమి.

బోసు మహాశయుని గంట మొదలు మన చేతిలోని మీటవరకు ఈ చరిత్ర చెప్పునది ఒక్కటే. దూరమును జయించుట యంత్రమునకు పెద్దపని కాలేదు. గుర్తుపట్టుటయే పెద్దపని అయినది. గుర్తు తప్పిన దినమున నేరము మనదని తలచి నోరు మూసికొనుట తగదు. ప్లగ్గు తీసి పెట్టినట్లే, అడిగి తెలిసికొనుటయు ఒక చికిత్సయే. ఇంట పెట్టె అమర్చి ఊరు విడిచిపోవు పడుచువారు, పోవుటకు ముందు పెద్దల చేత దానిని ఒక్కసారి విడదీయించి, ఒక్కసారి కలిపించి పోయిన, ఎన్నో ఇండ్లలో ఎన్నో తొమ్మిది దినముల మౌనములు తప్పును.